సాక్ష్యం చాలా మెత్తగా ఉడికింది

అభయారణ్యం పక్కన బతికే మాలాంటివాళ్లం రోజూ పొద్దున్నే లేచి వేటగాళ్లకి దణ్ణం పెట్టుకోవాలి! నవ్వకండి, సీరియస్‌గానే చెబుతున్నాను.

వాళ్లు ఉచ్చులు బిగించకపోతే వన్యప్రాణి సంరక్షణ అనే మాటెక్కడిది? అటవీశాఖ ఆఫీసెందుకు, జీపెందుకు, ‘జింకల్ని ప్రేమిద్దాం’ అని రాసిన టీషర్టులెందుకు? ఏసీ హాల్లో కూర్చుని అడవి కోసం కన్నీళ్లు పెట్టుకునే పెద్దమనుషులు ఏమైపోవాలి? పాపం, నిజంగానే అడవిలోకి వెళ్లాల్సి వచ్చేది!

ఆరోగ్యం సంగతి చూడండి. అడవిపంది తింటే మోకాళ్ల నొప్పులు పోతాయనీ, కుందేలు తింటే జుట్టొస్తుందనీ మా వీధి మందులషాపాయన ఒట్టేసి చెబుతాడు. ఆయనది నున్నటి బట్టతల. మెట్లు దిగాలంటే ఇద్దరు పట్టుకోవాలి. అయినా ఆ నమ్మకాన్ని మెచ్చుకోవద్దూ!

ఇంత మేలు చేసే వేటగాణ్ణి మా బావ పట్టుకున్నాడు. మా అక్క మొగుడు ఫారెస్ట్ గార్డు లెండి, లోకజ్ఞానం తక్కువ. దొరికిన జింక మాంసానికి సీలు వేసి, కోర్టులో చూపించడానికి ఆఫీసు ఫ్రిజ్‌లో పెట్టాడు.

మర్నాడు అదే ఆఫీసులో సంరక్షణ సదస్సు. అతిథులు ఎక్కువయ్యారు, కూర తక్కువైంది. వంటవాడు ఫ్రిజ్ తెరిచాడు. సీలు చూసి నాణ్యమైన సరుకనుకున్నాడట! ఉల్లిపాయలు దండిగా వేసి సాక్ష్యాన్ని మెత్తగా ఉడికించాడు. “ఇంత మెత్తటి మటన్ జన్మలో తినలేదయ్యా!” అని ఆ ఆఫీసు పెద్దసారు వంటవాడి భుజం కూడా తట్టారు.

కోర్టులో సాక్ష్యం లేదు, కేసు కొట్టేశారు. వేటగాడు ఈల వేసుకుంటూ వెళ్లిపోయాడు. సాక్ష్యం పోగొట్టినందుకు బావ మీద విచారణ. విచారించేది ఎవరనుకున్నారు? ఆ పెద్దసారే!

“మాంసం ఏమైందయ్యా?” అని గద్దించారాయన.

“తమరు రెండోసారి కూడా వడ్డించుకున్నారు కదండీ,” అన్నాడు బావ, ఎంతో వినయంగా.

అంతే, సస్పెన్షన్! ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తెలీదు. బావ మాత్రం రోజూ యూనిఫాం ఇస్త్రీ చేసి మళ్లీ బీరువాలో పెడుతున్నాడు. ఓదార్చాలి కదా అని, వేటగాళ్ల వల్ల లోకానికి కలిగే లాభాలన్నీ అక్కకి వివరించాను.

అక్క అంతా వింది.

“చంపినోడు మళ్లీ అడవిలో ఉన్నాడు. తిన్నోళ్లు ఆఫీసులో ఉన్నారు. పట్టుకున్న మనిషొక్కడే ఇంట్లో కూర్చున్నాడు. ఇంతకీ వీళ్లు ఎవర్ని సంరక్షిస్తున్నార్రా? చేతనైతే అది రాయి!”

రాశానక్కా.