పాడుబడ్డ విమానమే మనశ్శాంతి

మనశ్శాంతి కావాలంటే ఎగరని విమానం ఒకటి కొనుక్కోవాలి. ఎగిరేది కొన్నారో, చెడ్డారే!

నవ్వకండి. కొని మరీ చెబుతున్నాను. అమెరికాలోని మా విస్కాన్సిన్ రాష్ట్రంలో ఐనార్ హాల్వర్సన్ అనే పాడిరైతు, చలికాలాలన్నీ కొట్టంలో కూర్చుని తన చేతులతో కట్టుకున్న ఒంటిసీటు విమానం అది. అలాంటిది ప్రపంచంలో ఇంకొకటి లేదు. ఆయన పోయాక గడ్డిమోపుల వెనక పడి ఉంది. సీటును ఎలుకలు తినేశాయి. పైలట్ తలమీదికి వచ్చే గాజు మూత దుప్పటిలో చుట్టి అటకమీద ఉంది. చూడగానే మనసు పారేసుకున్నాను.

"బాగా చూసుకుని కొనుక్కో బాబూ," అంది ఆయన భార్య. నచ్చాక ఇంక చూసేదేముంటుంది?

లాభాలు ఒకటా రెండా? స్పేర్ పార్టులు ఎక్కడా దొరకవు, కాబట్టి కొనే బెడద లేదు! మాన్యువల్ లేదు, కాబట్టి తప్పు చేశామని ఎవడూ నిరూపించలేడు! ఇంటికి చుట్టాలొస్తే, విమానాల షెడ్డులో, అదే హ్యాంగర్లో, రెక్కకు పూసిన జిగురు ఆరుతోంది, వెళ్లాలి అంటే చాలు. ఆరే జిగురుకు కాపలా ఎందుకని ఇంతవరకూ ఎవరూ అడగలేదు.

పైగా స్నేహాలు పెరుగుతాయి. పక్క హ్యాంగర్ డ్వేన్ రోజూ కాఫీ పట్టుకుని వస్తాడు. ఎడమ రెక్క కాస్త వంకరగా లేదూ అని అడిగి, నా పొద్దంతా పాడుచేసి హాయిగా వెళ్లిపోతాడు.

ఇదంతా దేనికంటారా? మా వైపు శనివారం పొద్దున్నే పైలట్లందరూ పక్క ఊరి ఎయిర్‌ఫీల్డుకు ఎగిరి వెళ్లి పాన్‌కేకులు తింటారు. అక్కడ నేను ఐనార్ విమానంలోంచి దిగాలి, అందరూ ప్లేట్లు వదిలేసి చుట్టూ మూగాలి. నిజం చెప్పాలంటే, ఈ జన్మకు నాకున్న ఆశ అదొక్కటే.

మొన్న వసంతంలో పని పూర్తయింది. కొత్త సీటు బిగించి కూర్చున్నాను. డ్వేన్ గాజు మూత దించాడు. అది నా నెత్తిమీద ఆగిపోయింది.

డ్వేన్ నా తలనూ మూతనూ మార్చి మార్చి చూశాడు.

"గురూ, ఐనార్ పొట్టివాడు కదా," అన్నాడు.

"ఇన్నాళ్లూ చెప్పలేదేం?"

"మనం రెక్కల గురించే మాట్లాడుకున్నాం."

ఎవరి విమానం వాళ్లు కట్టుకునేటప్పుడు తమ ఒంటి కొలతకే కట్టుకుంటారు. ఆ మాత్రం నాకు తెలియదా? తెలుసు! కానీ ఇన్నాళ్లూ సీటూ మూతా లేని బోడి విమానంలో, అడుగున చతికిలబడి, నోటితో ఇంజిన్ చప్పుడు చేసుకుంటూ మురిసిపోయాను. పోనీ సీటు దించుదామంటే దాని కిందే విమానాన్ని అటూ ఇటూ తిప్పే కంట్రోల్ రాడ్లు. మెడ వంచి కూర్చుంటే నా మోకాళ్లు తప్ప రన్‌వే కనిపించదు.

అప్పుడు మా ఆవిడ లోరెట్టా ఎక్కి కూర్చుంది. నాకంటే ముందే పైలటైన మనిషి. నా భుజం దాకా వస్తుంది. మూత టక్కున పడింది.

"భలే కుదిరింది," అంది లోపలినుంచి. ఆ గొంతులో జాలి వెతికాను, దొరకలేదు.

ఇప్పుడు ప్రతి శనివారం ఆవిడే వెళ్తోంది. అందరూ మూగుతున్నారట. ఇంత చక్కగా ఎవరు బాగుచేశారని అడిగితే, ఇంట్లో ఒకడున్నాడు అని చెబుతోందట. వచ్చాక రెక్కలకు అంటుకున్న పురుగులను తుడిచే భాగ్యం మాత్రం నాదే.

అయినా నా మాటమీదే ఉన్నాను. పాఠకులారా, మీకు తెలిసిన పైలట్ ఎవరైనా సగం పాడైన విమానం వదిలిపెట్టి పోయి ఉంటే కబురు పెట్టండి. రెక్కలు లేకపోయినా ఫరవాలేదు. ఇంజిన్ లేకపోయినా సర్దుకుంటాను. పోయిన మనిషి మాత్రం ఆరడుగులు దాటి ఉండాలి.