ఎవరి పిడికెడు?

ఒక పెద్ద అడవిలో జంతువులన్నీ ఆదివారం పూట మాత్రం ఒకదాన్నొకటి తరుముకోవడం మానేసి, బుద్ధిగా మందిరానికి వెళ్లేవి. మిగతా ఆరు రోజుల సంగతి మనకి అనవసరం.

ఆ మందిరానికి కాపరి పరంజ్యోతి అయ్యగారనే తాబేలు. చాలా మంచివారు. ఆయనలో లోపం ఒక్కటే. ఎవరైనా గొంతు పెంచితే ఆయన తల డిప్పలోకి వెళ్లిపోయేది. సంఘ పెద్దలకి ఆయనలో బాగా నచ్చిన గుణం కూడా అదే.

ఆ ఏడు అడవిలో వెదురు పూసింది. ఎక్కడ చూసినా వెదురు బియ్యమే. అయ్యగారు ధైర్యం చేసి దశమభాగం మీద ప్రసంగం చేశారు.

"దేవుడు పది గింజలిస్తే ఒక గింజ ఆయనది. ఆ గింజల్ని మందిరం కుండలో పోద్దాం. వానాకాలంలో ఎవరి పొయ్యి వెలగకపోతే వాళ్లకి పెడదాం."

అందరూ ఆమెన్ అన్నారు. అందరికంటే గట్టిగా అన్నది సంఘ పెద్ద గమలియేలు గారు. ఆయన అడవిపంది. వెదురు పొదల్లో సగం ఆయన తిరిగే మేరలోనే ఉన్నాయి. ఇంటికెళ్లి, వాగు ఒడ్డున పోసుకున్న తన రాశి ముందు నిలబడి, అందులో పదోవంతు ఎంతవుతుందో చూసుకున్నారు. దాంతో ఆయనకి మధ్యాహ్నం భోజనం సహించలేదు.

సంఘ కార్యదర్శి ఫిలేమోనుకి కబురు పెట్టారు. అతను నక్క.

"ఏమయ్యా, పదోవంతంటే మరీ ఎక్కువ కాదూ?"

"ఎక్కువని మనం అనకూడదండి, వాక్యం కదా," అన్నాడు ఫిలేమోను. "చిన్నవాళ్లకి పదిదాకా లెక్కపెట్టడం రాదు, పాపం వాళ్ల ఇబ్బంది చూడలేక మార్చాం అందాం."

"మార్చి ఏం పెడదాం?"

"పిడికెడు బియ్యం పెడదామండి. మన ఆడవాళ్లకి అలవాటైనదే."

నిజమే. ఆ సంఘంలో ఆడవాళ్లు వంటకి బియ్యం కొలిచేటప్పుడు ముందు దేవుడి పేరున ఒక పిడికెడు తీసి వేరే కుండలో వేసేవారు. ఎవరూ చెప్పకపోయినా వేసేవారు. ఉడుత సీయోనమ్మ ఒక్క పూట కూడా మానలేదు. ఆవిడ భర్తని డేగ ఎత్తుకుపోయింది, అదీ ఒక సోమవారం. ముగ్గురు పసిపిల్లలతో చెట్టు తొర్రలో ఉండేది. ఆవిడ పిడికిట్లో పట్టేవి ఏడు గింజలు.

వచ్చే ఆదివారమే సంఘమంతటి ముందు కమిటీ కూర్చుంది.

"పిడికెడు అన్నాం బాగానే ఉంది," అని మొదలుపెట్టాడు ఫిలేమోను. "ఎవరి పిడికెడు? ఒకరిది పెద్దది, ఒకరిది చిన్నది. దేవుడి సన్నిధిలో తేడాలుండకూడదు కదా!"

సరిగ్గా అప్పుడే స్త్రీల సమాజం అధ్యక్షురాలు, ఎలుగుబంటి విక్టోరియమ్మ గారు, మాట్లాడతానని చెయ్యెత్తారు.

"ఇదిగో, పిడికిలంటే ఇది!" అన్నారు గమలియేలు గారు.

ఆవిడ పొంగిపోయారు. ఏం చెప్పడానికి చెయ్యెత్తారో ఆవిడకే గుర్తు లేకుండా పోయింది. ఇంటికి వారానికి ఒక ఎలుగు పిడికెడు అని తీర్మానం రాసేశారు. కుండ పెత్తనం కూడా ఆవిడకే ఇచ్చారు.

అప్పుడు గమలియేలు గారు తన ముందు కాలు పైకెత్తి చూసుకున్నారు.

"అయ్యో! నాకు పిడికిలే లేదే. ఇది డెక్క. ఇవ్వాలని ఎంతో ఆశపడ్డాను."

"నాదీ పంజాయేనండి," అన్నాడు ఫిలేమోను. "పిడికిలి లేదని కాగితం రాసిచ్చినవాళ్లకి మినహాయింపు ఇద్దాం."

ఏనుగు రాసిచ్చింది. దుప్పి రాసిచ్చింది. గమలియేలు గారు డెక్క ముద్ర వేసి మరీ రాసిచ్చారు. చివర్లో ఫిలేమోను ఇంకో నిబంధన కలిపాడు. కుండలోంచి ఇవ్వవలసి వస్తే, పుచ్చుకునేవాడి సొంత పిడికిలే కొలత. చిన్నవాళ్లు ఎగబడి కుండ ఖాళీ చేస్తారని అతని భయం.

వెనక వరసలోంచి సీయోనమ్మ లేచింది.

"వందనాలు అయ్యగారూ. నా పిడికెడు ఏడు గింజలండి. విక్టోరియమ్మ గారి పిడికెడంటే మా ఇంట్లో నాలుగు రోజుల తిండండి."

"ఇచ్చే మనసుండాలమ్మా!" అని గొంతు పెంచాడు ఫిలేమోను. "బీద విధవరాలు రెండు కాసులేసిన సంగతి మర్చిపోయావా?"

"గుర్తుందండి. ఆవిణ్ణి ఎలుగుబంటి కాసులెయ్యమని ఎవరూ అడగలేదు కదండీ?"

జవాబు కోసం అందరూ అయ్యగారి వైపు చూశారు. అక్కడ డిప్ప మాత్రమే కనిపించింది.

సీయోనమ్మ ఇచ్చింది. వారం వారం మోదుగాకు దొప్పలో మోసుకొచ్చి కుండలో పోసింది. ఇవ్వనివాళ్ల పేర్లు ఆరాధనలో చదువుతామన్నారు మరి. పిల్లలకి చిగుళ్లు, బెరడు పెట్టింది. చిన్నవాడు నిద్రలో కూడా నోరాడించేవాడు. ఆ తల్లికి దేవుడి మీద కోపం రాలేదు గానీ, విక్టోరియమ్మ గారి చెయ్యి చూస్తే మాత్రం ఒళ్లు మండేది.

ఆషాఢం వచ్చింది. వాన పట్టుకుంటే వదల్లేదు. ఒకసారి పూసిన వెదురు ఇక బతకదు కదా, పొదలన్నీ ఎండి నేలకొరిగాయి. వాగు పొంగి గమలియేలు గారి రాశిని ఒక్క పూటలో ఊడ్చుకుపోయింది. నాలుగో రోజుకి అడవంతా మందిరం ముందు నిలబడింది. విక్టోరియమ్మ గారు తీర్మానాల కాగితాలు ముందు పెట్టుకుని కుండ మూత తీశారు. ఆవిడ రాసినది రాసినట్టు చేసే మనిషి, అంటే ఎలుగుబంటి.

అందరినీ తోసుకుని గమలియేలు గారు ముందుకొచ్చారు.

"మీ పిడికిలి పట్టండి అన్నగారూ," అన్నారావిడ.

ఆయన డెక్క చాపారు. ఆవిడ ఆ డెక్క వైపు చూసి, కాగితం వైపు చూశారు. "పిడికిలి లేదని రాశారు కదండీ. మరి నేను దేంతో కొలవను?"

ఫిలేమోను పంజా ముడవడానికి పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి ప్రయత్నించాడు. నాలుగు గింజలు పోసి చూస్తే నాలుగూ కిందికే జారాయి.

"ఆ కాగితం కొట్టెయ్యండి!" అని అరిచారు గమలియేలు గారు. "ఇప్పుడే వేరేది రాసిస్తాను. నాకు ఒకటి కాదు, నాలుగు పిడికిళ్లున్నాయి!" అని నాలుగు డెక్కల ముద్రలూ వేసిచ్చారు. విక్టోరియమ్మ గారు దాన్ని జాగ్రత్తగా దాచి, తరవాతివాళ్లని రమ్మన్నారు.

తరవాత సీయోనమ్మ. ఆవిడ చెయ్యి చాపింది. విక్టోరియమ్మ గారు ఏడు గింజలు పోసేసరికి ఆ చెయ్యి నిండిపోయింది. పిల్లల చేతుల్లో రెండేసి గింజలు పట్టాయి. ఆ చేతుల్ని విక్టోరియమ్మ గారు అంత దగ్గరగా చూడడం అదే మొదలు.

"సీయోనమ్మా, ఈ చేత్తోనా ఇన్నాళ్లూ నా పిడికెడు మోసుకొచ్చావు?" అన్నారావిడ. "నా చెయ్యి చూసి పొంగిపోయానే గానీ, నీ చెయ్యి చూడలేదే తల్లీ!"

"నిబంధన ప్రకారం ఏడు గింజలే!" అని గొంతు పెంచాడు ఫిలేమోను.

అయ్యగారి తల డిప్పలోకి వెళ్లబోయింది. ఎదురుగా చిన్నవాడు ఆ రెండు గింజలూ మింగేసి అరచెయ్యి నాకుతున్నాడు. తల అక్కడే ఆగిపోయింది. తరవాత మెల్లగా బయటికి వచ్చింది. అంత పొడుగు మెడ ఉందని సంఘానికి ఆ రోజే తెలిసింది.

"ఎవరు ఏ పిడికిలితో ఇచ్చారో ఆ పిడికిలితోనే పుచ్చుకోవాలి," అన్నారాయన. "ఈ మాట నేను ఎండాకాలంలోనే చెప్పి ఉండాల్సింది. భయపడ్డాను. తప్పు నాది."

విక్టోరియమ్మ గారు రెండు చేతులతో పోశారు. సీయోనమ్మ దొప్ప నిండి పొర్లింది. గమలియేలు గారు ఆ లెక్క తన మీద వేసుకుని చూసుకున్నారు. సున్నా వచ్చింది. తల దించుకుని పక్కకి తప్పుకున్నారు.

సీయోనమ్మ ఆయన దగ్గరికి వెళ్లి, దొప్పలోంచి తీసి ఆయన నోటి ముందు ఏడు గింజలు పెట్టింది.

"ఇంతేనా?" అన్నారాయన అలవాటుగా.

"నా పిడికెడు ఇంతేనండి. కమిటీ కొలవకముందూ ఇంతే."

ఆయన ఒక్క గింజ మిగల్చకుండా తిన్నారు. అది చూశాక విక్టోరియమ్మ గారికీ చేతులు ఊరుకోలేదు. కాగితం పక్కన పెట్టి అందరికీ పంచారు.

వానలు వెలిశాయి. మళ్లీ పంట వచ్చింది, ఈసారి గడ్డి గింజలు. ఆదివారం ఫిలేమోను ప్రకటనలు చదివాడు. "గమలియేలు గారు స్వహస్తాలతో రాసిచ్చిన ప్రకారం, వారి ఇంటి నుంచి వారానికి నాలుగు ఎలుగు పిడికిళ్లు." సంఘం సంతోషంగా ఆమెన్ అంది.

ఆరాధన అవగానే గమలియేలు గారు అతన్ని పక్కకి లాగారు.

"ఏమయ్యా, ఆ దశమభాగమే చవగ్గా ఉండేటట్టుంది. దానికి మళ్లీ మారడానికి వీలుందేమో చూడవయ్యా!"

నీతి: కానుక ఎగ్గొట్టదలచినవారు నిశ్చింతగా ఎగ్గొట్టవచ్చును, కారణం మాత్రం కాగితం మీద పెట్టరాదు.