జర్మనీ మిట్ట గంట వంతు

నవంబరు మొదటి ఆదివారం పొద్దున మరియకుమారి వేసుకున్న పథకం చాలా చిన్నది. ఏడింటికి డ్యూటీ ఎక్కేముందు నర్సింగ్ సూపరింటెండెంట్ గదిలోకి వెళ్ళాలి, క్రిస్మస్‌కి పది రోజులు సెలవు అడగాలి, ఏడుపు రాకముందే బయటికి వచ్చేయాలి. మొత్తం రెండు నిమిషాల పని. గల్ఫులోని ఫుజైరాకి నర్సుగా వచ్చాక ఈ రెండు నిమిషాల పనిని ఆమె ఆరేళ్ళలో ఆరుసార్లు చేసింది, ఆరుసార్లూ ఉత్త చేతులతో తిరిగొచ్చింది. ఆ ఆసుపత్రిలో సగంమంది సిస్టర్లకి క్రిస్మసే పెద్ద పండగ. కేరళ సిస్టర్లు డిసెంబరు సెలవుకి జనవరిలోనే కాగితం పెట్టేస్తారు. జనవరిలో డిసెంబరు సంగతి అడగడం మరీ ఆశపోతుతనమని మరియకుమారి అభిప్రాయం. అలాంటి మర్యాదస్తులకి సెలవులు జూలైలో దొరుకుతాయి.

"ఈసారి మాత్రం పోకపోతే కుదరదండీ. ఈసారి మా వంతు," అంది భర్తతో, క్యారేజీ మూత బిగిస్తూ.

ఆ వంతు సంగతి ముందు చెప్పుకోవాలి. మరియకుమారిది నెల్లూరు జిల్లాలో తాటిమిట్ట అనే చిన్న ఊరు. ఎప్పుడో జర్మనీ నుంచి వచ్చిన మిషను దొరలు అక్కడ ఒక గుడి, ఒక బడి, ఒక పెంకుల బంగళా కట్టి, తమలో నలుగురిని అక్కడి మట్టిలోనే ఉంచి వెళ్ళిపోయారు. బస్సు కండక్టర్లు ఇప్పటికీ "జర్మనీ మిట్ట" అనే కేకేస్తారు. గుడి గంట కూడా ఓడలో వచ్చిందే. క్రిస్మస్ ముందురోజు దీపాలవేళ సరిగ్గా ఆరింటికి ఆ గంట కొట్టే హక్కు మొదట బాప్తిస్మం తీసుకున్న ఇరవై మూడు ఇళ్ళది, ఏడాదికొక ఇంటిది. దొరగారు రాసిపెట్టిన పట్టిక గుడి గోడ మీద అద్దంలో ఉంది. వంతు తప్పితే మళ్ళీ ఇరవై మూడేళ్ళు ఆగాల్సిందే.

1983లో వాళ్ళ నాన్న కొట్టాడు. పదకొండేళ్ళ మరియకుమారి తాడు కొస పట్టుకుంటే గంట ఆమెను నేల మీంచి మూరెడు పైకి లేపింది. "వచ్చే వంతు నీదేనమ్మా," అన్నాడు నాన్న. ఇప్పుడా నాన్న లేడు. అమ్మ అచ్చాయమ్మకి భుజం లేవదు. వేరే తోబుట్టువులు లేరు. ఇరవై మూడేళ్ళుగా మరియకుమారి ఏ గంట విన్నా, బడి గంటయినా, ఐస్‌ బండి గంటయినా, తన వంతుకి ఇంకా ఎన్నేళ్ళుందో లెక్క వేసుకునేది. ఆ లెక్క ఈ ఏటితో సున్నా అయింది.

భర్త దయారత్నం పోర్టులో, ఓడలకి ఆయిలు పోసే కంపెనీలో గుమాస్తా. సలహాలకి ఎన్నడూ కరువు లేని మనిషి. "ఉత్తినే సెలవంటే ఎవురిస్తారు? మీ మేడం జర్మనీ ఆమె గదా. మాది జర్మనీ ఊరని జెప్పు. మనసు కరగాల ముందు. సెలవు దానంతటదే వస్తది," అన్నాడు.

నర్సింగ్ సూపరింటెండెంట్ హెడ్విగ్ మేడం పదహారేళ్ళుగా గల్ఫులో ఉంటోంది. నవంబరు రాగానే గదిలో ఏసీని పదహారుకి తగ్గించి, ఉన్ని స్వెట్టరు వేసుకుని కూర్చోవడం ఆమె అలవాటు. సంతకాలకి వచ్చినవాళ్ళు వణుకుతూ నిలబడేవారు. మరియకుమారి కూడా వణుకుతూనే ఊరి పేరు చెప్పింది.

"జర్మన్ ఊరా? ఇండియాలోనా?" మేడం కళ్ళజోడు తీసింది. "క్రిస్మస్ చెట్టు పెడతారా?"

"పెడతారు మేడం. తోపులోకి వెళ్ళి కొట్టుకొస్తారు."

"క్రిస్మస్ సంత ఉంటుందా?"

"పెద్ద సంత మేడం. చుట్టుపక్కల ఊళ్ళన్నీ వస్తాయి."

"పిండితో చేసే తీపి బిస్కట్లు? నక్షత్రాల్లాగా?"

"పువ్వుల్లాగా ఉంటాయి. మా అమ్మ డబ్బా నిండా చేస్తుంది."

"మరి చలి?"

"చెప్పలేం మేడం. ఉన్ని టోపీ లేకుండా మా అమ్మ గడప దాటదు."

ఇందులో ఒక్క అబద్ధం లేదు. చెట్టు సరుగుడు చెట్టు. సంత గురువారం సంత, అందులో ప్రధానంగా దొరికేది ఎండుచేప. బిస్కట్లు అచ్చప్పాలు. చలి ఇరవై డిగ్రీలు. అడిగినదానికి మించి చెప్పడం మరియకుమారికి మొదటినుంచీ అలవాటు లేదు.

మేడం చాలాసేపు కిటికీలోంచి బయటికి చూసింది. బయట రాళ్ళు కొట్టే క్వారీ కొండలు గోధుమరంగులో, ఎండలో, గడ్డిపోచ లేకుండా ఉన్నాయి. "మా అమ్మ పోయాక క్రిస్మస్‌కి వెళ్ళడానికి నాకు ఊరంటూ లేదు సిస్టర్," అంది. "నీ సెలవుకి నేను సిఫారసు చేస్తాను. నేనూ నీతో వస్తాను."

అడగందే అమ్మయినా పెట్టదంటారు. అడిగితే అమ్మే వెంట వస్తుందని ఎవరూ అనలేదు. మరియకుమారి థాంక్యూ చెప్పి, సంతోషించాలో బెంగపడాలో తేల్చుకోలేక, వార్డులో ఒకే రోగికి రెండుసార్లు బీపీ చూసింది.

ఆ సాయంత్రం ఊరికి ఫోన్ చేసింది. "అమ్మా, నేనొస్తుండా. మా జర్మనీ మేడం కూడా వస్తది," అని రెండే ముక్కలు చెప్పింది. అచ్చాయమ్మ ఆ రెండు ముక్కల్నీ పాస్టర్ ఎజ్రాగారికి చేరవేసింది. వారం తిరిగేసరికి పాస్టరుగారే ఫోన్ చేశారు.

"అమ్మా కుమారీ, ఆమె మన పెద్ద దొరగారికి కూతురి కూతురా, కొడుకు కూతురా? బ్యానరు రాయించాల."

"అయ్యగారూ, ఆమెకీ దొరగారికీ సంబంధం లేదు. మా ఆసుపత్రిలో నర్సులందరికీ పెద్ద, అంతే."

"పెద్దింటోళ్ళు అట్నే గుట్టుగా ఉంటారమ్మా. తాతగారి సమాధి జూడాలని మనసులో ఉండబట్టే గదా వస్తా ఉండేది. మేం కనిపెట్టలేమా?"

తర్వాతి వారం ఫోన్‌లో గుడికి సున్నం అయిందన్నారు. ఆ తర్వాత సమాధులకీ అయిందన్నారు. ఇంకో వారానికి, మనవరాలు ఎలాగూ గుడి పైకప్పు చూస్తుంది కనుక కారే చోట్లకి సున్నం వెయ్యకుండా ఉంచామన్నారు. కాదని మరియకుమారి చెప్పినకొద్దీ అటువైపు ఆమె వినయాన్ని మెచ్చుకున్నారు.

ఇక మిగిలింది ఆసుపత్రి ముదీర్, అంటే అరబ్బు డైరెక్టరుగారి సంతకం. దరఖాస్తు తనే రాస్తానని దయారత్నం పట్టుబట్టాడు. రెండు సాయంత్రాలు ఇంగ్లీషు నిఘంటువు ముందేసుకుని రాశాడు. సిస్టర్ మరియకుమారి ఆరేళ్ళలో ఒక్కరోజు జ్వరమని పడుకోలేదు. ఆమె అడుగుపెడితేగానీ మూడో అంతస్తు కదలదు. సూపరింటెండెంటు గారు లేనినాడు కూడా ఈమె ఉంటే చీమ చిటుక్కుమనదు. ఇట్టి మనిషికి పది రోజులు విశ్రాంతి ఇచ్చుట న్యాయము.

"మరీ ఎక్కువ రాశారేమోనండీ," అంది మరియకుమారి.

"రాసే దగ్గర మొహమాటపడబట్టే ఆరేళ్ళు ఇక్కడ ఉండిపోయినావు," అన్నాడు అతను.

హెడ్విగ్ మేడం అది చదివి, అడుగున 'ప్రతి అక్షరం నిజం' అని రాసి సంతకం పెట్టింది. తన సెలవు కాగితం కూడా దానికే గుచ్చింది.

నాలుగోరోజు ముదీర్ ఆఫీసులో ఫైళ్ళు చూసే కడప అల్లాబకాష్ మూడో అంతస్తుకి వచ్చాడు. మనిషి మొహం చూస్తే మంచివార్తో చెడ్డవార్తో తెలియడం లేదు.

"సిస్టరమ్మా, మీ కాయితం ముదీర్ మూడుసార్లు సదివినాడు. ఇట్లాంటి సిస్టర్ మన దగ్గరుందని ఇన్నాళ్ళూ నాకెవురూ సెప్పలేదే అని బాధపడినాడు."

"సెలవిచ్చారా భాయ్?"

"అదే సెప్తాండా. ఈయమ్మ లేకుంటే ఆసుపత్రి కదలదని ఈడనే రాసిండాది గదా, ఎట్లా పంపేది అన్నాడు. మిమ్మల్ని జూలైలో పొమ్మన్నాడు. పెద్ద మేడం పోవచ్చంట. ఆయమ్మ లేకున్నా మీరుంటే చాలని కూడా ఈడనే రాసిండాదంట. ఖలాస్."

హెడ్విగ్ మేడం వెళ్ళి గంటసేపు వాదించింది. ముదీర్ ఆమెకి మూడుసార్లు గహ్వా, అదే అరబ్బు కాఫీ, పోయించి, మూడుసార్లూ ఆ కాగితమే చూపించాడు. కింద ఆమె చేతిరాతే ఉంది. మరియకుమారి దుప్పట్లు పెట్టే గదిలోకి వెళ్ళి తలుపేసుకుని ఏడ్చింది. సెలవు కోసం కాదు. సెలవులు జూలైలో కూడా వస్తాయి. జూలైలో ఆ గంట తాడు కొక్కేనికి చుట్టి ఉంటుంది. ఇంటికి వెళ్ళి భర్తకి ముదీర్ మాట చెప్పింది.

"కాయితం మాత్రం గట్టిగా కుదిరినట్టే," అన్నాడు దయారత్నం నెమ్మదిగా. ఆ తర్వాత నాలుగురోజులు ఆ ఇంట్లో ఉప్పు అందించమన్న మాట కూడా వినిపించలేదు.

ఐదోరోజు పాస్టరుగారికి ఫోన్ చేసి, తను రాలేనని, వంతు పక్కింటివాళ్ళకి ఇచ్చేయమని చెప్పింది. ఆయన ఒప్పుకోలేదు. "ఇంటి మనిషే కొట్టాలని పట్టికలో లేదమ్మా. ఇంటి తరపున ఎవురు కొట్టినా చెల్లుతది. ఆ మనవరాలు వస్తది గదా," అన్నారు.

మర్నాడు హెడ్విగ్ మేడం తన టికెట్టు రద్దు చేసుకుంటానని ఏజెంటుకి ఫోన్ తిప్పుతుంటే మరియకుమారి రిసీవరు మీద చెయ్యి పెట్టింది. "మీరు వెళ్ళండి మేడం. మా ఇంటి తరపున వెళ్ళండి," అంది. ఆ మాట చెప్పడానికి ఆమె వార్డు నుంచి గది దాకా రెండుసార్లు వచ్చి వెనక్కి వెళ్ళింది.

డ్యూటీ దిగాక స్టోరు గదిలో కప్పు కొక్కేనికి బ్యాండేజీ గుడ్డ పేని కట్టి గంట కొట్టడం నేర్పింది. "లాగి వదలాలి మేడం. బిగపట్టుకుంటే అది మిమ్మల్ని పైకి లాగేస్తుంది. ఒకటి, రెండు, మూడు, మళ్ళీ లాగాలి. మా నాన్న అలాగే కొట్టేవాడు." మేడం శ్రద్ధగా లాగింది. మూడోరోజుకి కొక్కెం ఊడి వచ్చింది.

ఇరవయ్యో తేదీన మేడం మోకాళ్ళదాకా వచ్చే మంచు బూట్లు, ఎలుగుబంటి బొచ్చులాంటి కోటు సర్దుకుని ప్రయాణమైంది. మంచు సంగతి ఇప్పుడైనా చెబుదామని మరియకుమారి కారు తలుపు దాకా నోరు తెరుస్తూనే ఉంది. అమ్మకి స్వెట్టరు పొట్లం మాత్రం ఇవ్వగలిగింది.

ఇరవై నాలుగు సాయంత్రం నాలుగున్నరకి, అంటే తాటిమిట్టలో ఆరింటికి, మరియకుమారి ఇన్‌ఛార్జి హోదాలో మేడం కుర్చీలో కూర్చుని ఉంది. ఏసీ పదహారు మీదే ఉంది. మేడం కుర్చీకి తగిలించి వెళ్ళిన స్వెట్టరు వేసుకుంది. ఫోన్ మోగింది. పాస్టరుగారి సెల్‌లోంచి అమ్మ.

"కుమారీ, మీ మేడం కోటు ఊడదీసి నా పాత నూలు చీర చుట్టబెట్టుకున్నదే. బూట్లు పిల్లకాయలు తొడుక్కోని తిరుగుతుండారు. అచ్చప్పాలు రెండో డబ్బా తెరిచినాం. ఇదిగో, మాట్లాడతదంట."

మరియకుమారి చివాట్లకి సిద్ధపడి లేచి నిలబడింది.

"సిస్టర్," అంది మేడం. గొంతు ఆమెది కాదన్నట్టుగా ఉంది. "మీ సంతలో చేప వాసన. మీ చెట్టుకి బెలూన్లు. నేను దొరగారి మనవరాలినట, ఎంత చెప్పినా వినడం లేదు. నిన్న రాత్రి పిల్లలు మా అమ్మ పాడే పాట పాడారు. మాటలు మీవి, రాగం మాదే. నేను మా మాటలతో పాడాను. ముప్పై ఏళ్ళ తర్వాత నాకు అన్ని చరణాలూ గుర్తున్నాయి." తాడు కొక్కెం మీంచి విప్పిన చప్పుడైంది. "ఇప్పుడు తాడు పట్టుకుంటున్నాను. విను."

మొదటి దెబ్బ సముద్రం దాటి, ఎడారి దాటి, ఆ చల్లటి గదిలోకి వచ్చింది. మరియకుమారి రిసీవరు చెవికి అదిమిపెట్టి, ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టింది. సరిగ్గా మూడుకి రెండో దెబ్బ పడింది. నాన్న దెబ్బే. ఆమె ఖాళీ చెయ్యి తనకి తెలియకుండానే పైకి వెళ్ళి కిందికి వచ్చింది, మడమలు నేల మీంచి లేచాయి. అక్కడ తాను ఉండాలి. ఆ తాడు గరుకు తన అరచేతిలో ఉండాలి. ఇరవై మూడేళ్ళు ఎదురుచూసిన గంటని ఆమె ఆరోగ్యశాఖవారి క్యాలెండరు చూస్తూ వింది, కళ్ళు తుడుచుకోకుండా పన్నెండు దెబ్బలూ వింది.

తర్వాత పాస్టరుగారు లైన్లోకి వచ్చారు. "మీ వంతు బ్రహ్మాండంగా చెల్లిందమ్మా. మేడంగారు జనవరి ఆరున ముగ్గురు జ్ఞానుల పండగ దాకా ఇక్కడే ఉంటారంట, అక్కడ నువ్వున్నావు గదా అన్నారు. ఇంకో శుభవార్త. ఆమె ఇంటి పేరు కూడా పట్టికలో ఎక్కించినాం. ఇప్పుడు మొత్తం ఇరవై నాలుగు ఇళ్ళు."

మరియకుమారి ఫోన్ పెట్టేసి వేళ్ళ మీద లెక్క వేసింది. ఇరవై మూడుకి ఒకటి కలిసింది. రెండువేల ముప్పై. అప్పటికి తనకి యాభై ఎనిమిది. సొరుగులోంచి సెలవు కాగితం తీసి, 2030 డిసెంబరు ఇరవై నుంచి పది రోజులు అని నింపింది. కారణం దగ్గర 'మా వంతు' అని రాసింది. ఈసారి దయారత్నాన్ని సాయం అడగలేదు. సిఫారసు గడిలో ఇన్‌ఛార్జి హోదాలో తనే సంతకం చేసి, ముద్ర కొట్టి, రిజిస్టరులో ఎక్కించింది.

ఆ ఏటికి కేరళ సిస్టర్లు ఇంకా ఎవరూ పెట్టలేదు.