బండి షెడ్డులో ఎదిగిన గోల్‌కీపర్

ఆడపిల్లలు ఐస్ హాకీలో రాణించాలంటే వాళ్ళకు బట్టలు మార్చుకునే గది ఇవ్వకూడదు. ఈ మాట నేను గాలివాటంగా అనడం లేదు. మా ఊరి గోల్‌కీపర్ తైమి కెస్కితాలో ఆటను ఆమె చిన్నతనం నుంచీ గ్యాలరీలో కూచుని చూసినవాణ్ణి.

గది ఇస్తే ఏమవుతుంది? తలుపు వేసుకుంటారు. వేడినీళ్ళ కుళాయి తిప్పుకుంటారు. సుఖం మరుగుతారు. సుఖం మరిగిన మనిషి దూసుకొచ్చే పక్‌కు, ఆ గట్టి రబ్బరు బిళ్ళకు, ఒళ్ళు అడ్డం పెడుతుందా?

ఫిన్లాండ్ ఉత్తరాన, స్వీడన్ సరిహద్దు నది ఒడ్డున ఉన్న మా ఊళ్ళో ఐస్ హాల్ ఒక్కటే. అందులో మగవాళ్ళ టీముకు రెండు గదులు. ఒకటి వాళ్ళకు, రెండోది వాళ్ళ తడి సాక్సులకు. ఆడవాళ్ళ టీముకు క్లబ్ పెద్దలు బాగా ఆలోచించి షెడ్డు కేటాయించారు. మంచును నునుపు చేసే బండి నిలిపే షెడ్డు. తైమి ఆ బండి పక్కనే ప్యాడ్లు కట్టుకుని ఎదిగింది. డ్రైవరు హారన్ కొడితే చాలు, ఒక కాలికి స్కేటుతో, రెండో కాలికి మేజోడుతో గోడకు అతుక్కుపోయేది.

అంత చురుకుదనం ఏ కోచ్ నేర్పగలడు? ప్రపంచ పోటీల్లో ఆమె ఎడమకాలు మెరుపులా చాచి గోల్ ఆపితే విదేశీ విలేకరులు నోళ్ళు వెళ్ళబెట్టారు. మేం ఆశ్చర్యపోలేదు. మా బండి సంగతి మాకు తెలుసు కదా.

పైగా ఆమెకు ఆటతోనే బతకాల్సిన బాధ కూడా లేకుండా చేశాం. పగలు పళ్ళ డాక్టరు దగ్గర నర్సు. మగ టీము కుర్రాళ్ళకు కర్ర తగిలి పళ్ళు రాలితే దూది పెట్టేది ఆమే. ఆటకు సేవ చేయడానికి ఇన్ని దారులు ఏ మగ ఆటగాడికి దొరికాయి చెప్పండి?

జాతీయ జట్టుతో కాంస్య పతకం తెచ్చిన ఏడాది క్లబ్ ఆమెకు కాఫీ, దాల్చినచెక్క బన్నులతో సన్మానం చేసింది. అధ్యక్షుడు ఒస్మో కళ్ళు తుడుచుకున్నారు.

“ఏం కావాలో అడుగు తల్లీ. ఈ ఊరు నీకు లేదనదు.”

“గది కావాలి ఒస్మో గారూ.”

“నీకెందుకమ్మా? సగం ఏడాది నువ్వు జాతీయ జట్టుతోనే తిరుగుతుంటావు.”

“నాకు కాదండీ, పిల్లలకు. మొన్న ఓ పాప బట్టలు మార్చుకుంటుంటే డ్రైవరు చూసుకోకుండా తలుపు ఎత్తేశాడు. బయట అబ్బాయిలంతా ఉన్నారు. టవలు పట్టుకుని ఒకటే ఏడుపు.”

“అయ్యయ్యో. పరిశీలిద్దాం. ముందు బన్ను తిను, చల్లారిపోతుంది.”

పరిశీలన అంటే ఆషామాషీ వ్యవహారం కాదు. దానికి కమిటీ కావాలి, కమిటీకి సమావేశం కావాలి, సమావేశానికి ఓ గది కావాలి. చలికాలాలు గడిచాయి. ఈలోగా మగ టీము సాక్సులకు కొత్త హీటరు వచ్చింది.

ఇంతలో ఒస్మోకు దవడ పన్ను సలిపింది. ఊళ్ళో పళ్ళ డాక్టరు ఒక్కరే. కుర్చీలో వెనక్కి వాలి నోరు తెరిచేసరికి పైన తైమి ముఖం.

“నోరు అలాగే ఉంచండి. గది సంగతి ఏమైంది?”

“ఆఁ…”

“అంటే ఇస్తారనేగా?”

“ఆఁ… ఆఁ…”

“డాక్టరు గారూ, మీరు సాక్షి,” అందామె. డాక్టరు గారు నవ్వు ఆపుకోలేక మత్తుసూది పక్కన పెట్టాల్సి వచ్చిందట.

తర్వాతి సమావేశంలో ఈ విషయం గంభీరంగా చర్చకు వచ్చింది. నోరు తెరిచిపెట్టిన స్థితిలో వెలువడిన ‘ఆఁ’ క్లబ్ తీర్మానం కిందికి రాదని తేల్చారు. న్యాయం ఎంత సూక్ష్మమైనదో చూశారా!

ఆ వసంతంలోనే తైమి నదికి అవతల, స్వీడన్ వైపు ఊరి టీములో చేరింది. ఆడుతూనే అక్కడి పిల్లలకు కోచ్‌గా ఉంటుందట. షెడ్డులో సామాను సర్దుకుంటుంటే నేను వెళ్ళి నిలదీశాను.

“నిన్ను ఇంతదాన్ని చేసిన ఊరిని వదిలేస్తావా?”

“ఊరిని వదలడం లేదండీ. ఇల్లు ఇక్కడే, ఉద్యోగం ఇక్కడే. వంతెన దాటి ఆడుకుంటాను, అంతే.”

“కోపమొచ్చిందా?”

ఆమె ప్యాడ్ల పట్టీలు బిగించింది. “కోపం ఎప్పుడో పోయింది. ఆ రోజు ఏడ్చిన పాప ఉందే, మళ్ళీ స్కేట్లు కట్టలేదు. వాళ్ళింటికి రెండుసార్లు వెళ్ళాను. తలుపు చాటు నుంచి బయటికే రాలేదు. ఎడమచేతి వాటంతో ఎంత బాగా ఆడేదో. ఆ బాధ మాత్రం పోవడం లేదు నాకు.”

నేను పక్కనున్న బండిని మెచ్చుకుని వచ్చేశాను.

తైమి వెనకే టీములోని ఆడపిల్లలంతా వంతెన దాటారు. మరుసటి శీతాకాలానికి మా ఊళ్ళో ఆడవాళ్ళ టీము లేదు.

అయితే మా క్లబ్ మాట తప్పేది కాదు. పరిశీలన ముగిసింది. మొన్న ఒస్మో స్వయంగా రిబ్బన్ కత్తిరించి మహిళల గది ప్రారంభించారు. లేత నీలం పలకలు, వేడినీళ్ళ షవర్లు, లోపలి నుంచి వేసుకునే గడియ. ఇంత చక్కటి గది నదికి అటూ ఇటూ ఎక్కడా లేదు.

ఎంత బాగుందంటే, ఇప్పటిదాకా వాడేవాళ్ళ నుంచి ఒక్క ఫిర్యాదు కూడా రాలేదు.