ఎండుచేపల ఆటోలో జయమ్మ గారు

జయమ్మ గారు పోయి ఏడాది నిండిన రోజున, పొద్దున్నే యాకోబు మాస్టారు తెల్లచొక్కా తొడుక్కుని, సొంతంగా తయారుచేసుకున్న పనసచెక్క స్పీకరు పెట్టెను చర్చికి చేర్పించారు. ఆయన సైన్సు పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. కొత్తపేట చుట్టుపక్కల ఏ రేడియో మూగబోయినా ఆయన బల్ల మీదికే వచ్చేది. ఆవేళ జ్ఞాపకార్థ కూడికలో అందరికీ భార్య గొంతు వినిపించాలని ఆయన సంకల్పం. పాత క్యాసెట్టులో ఆయనే రికార్డు చేసిన ఆమె కీర్తన ఒక్కటి మిగిలింది. టేపు మొత్తం పెన్‌డ్రైవులోకి ఎక్కించి, కీర్తనలోని బుసబుసలన్నీ ఓపిగ్గా తీసేశారు. పాట అయిన వెంటనే జయమ్మ గారు ఏదో కసురుకోవడం మొదలవుతుంది. ఆ మొదటి మాట దగ్గరే మాస్టారు ప్రతిసారీ ఆపేసేవారు. చెరిపెయ్యడానికి మాత్రం చెయ్యి రాలేదు.

బయల్దేరబోతుంటే ఎండుచేపలమ్మే ముత్యాలు ఆటో వచ్చి గుమ్మంలో ఆగింది. మైకు పలకడం లేదట. ఇవాళ వద్దు నాన్నా అని కూతురు క్రిస్టీనా చెబుతున్నా వినకుండా, మాస్టారు ఆటోలోని పెన్‌డ్రైవు తీసి బల్ల మీద తనదాని పక్కన పెట్టి, ఊడిన వైరు అతికారు. రేడియో పెట్టి చూస్తే ఆటో మీది మైకు హారన్ పలికింది. బల్ల మీంచి ఒక పెన్‌డ్రైవు తీసి గుచ్చి ముత్యాల్ని పంపించేసి, రెండోది జేబులో వేసుకున్నారు. రెండూ నల్లవే.

చర్చి నిండింది. మన సహోదరి గొంతు మళ్లీ వినబోతున్నామని పాస్టరు గారు చెప్పగానే అందరూ లేచి తలలు వంచుకున్నారు. మాస్టారు మీట నొక్కారు.

"అక్కా, అమ్మా, నెత్తళ్లొచ్చేయి, ఎండు రొయ్యలొచ్చేయి, గిన్నెలు తెచ్చుకోండి."

బయట వెళ్లే ఆటో మైకు తన పెట్టెలోకి జొరబడుతోందనుకుని మాస్టారు వైర్లు కదిపారు. ఆ కంగారులో సౌండు పెరిగింది. పెట్టె మంచిది కావడంతో ప్రతి చేపా స్పష్టంగా వినిపించింది. ఒక్కరూ నవ్వలేదు. నవ్వే సందర్భం కాదని అందరూ తలలు ఇంకా కిందికి దించుకున్నారు. చివరికి పెన్‌డ్రైవు పీకి చేతిలో పెట్టుకుని చూసేసరికి అది ముత్యాలుదని మాస్టారికి అర్థమైంది.

అప్పుడే క్రిస్టీనా ఫోను మోగింది. మోకాళ్ల నొప్పులతో ఇంట్లో ఉండిపోయిన మేనత్త వీరలక్ష్మి.

"మీ అమ్మ కాలవగట్టు మీద పాడతందే. ఎవడో నెత్తళ్లతో పాటు ఊరంతా తిప్పుతున్నాడు."

అక్కడ జరిగింది వేరు. ముత్యాలు కాలవగట్టు ఎక్కాకే మైకు వేసి, చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని కువైట్‌లో ఉన్న బావమరిదితో మాట్లాడుతున్నాడు. పైన హారన్‌లో ఏం మోగుతోందో అతనికి తెలియదు. దారి పొడుగునా జనం పనులాపి తలగుడ్డలు తీసి నిలబడుతుంటే, వెనకాల ఏదో శవయాత్ర వస్తోందనుకుని, మర్యాద కోసం ఆటో మరీ నెమ్మదిగా నడిపాడు. చనిపోయినావిడని ఎగతాళి చేస్తూ ఊరేగిస్తున్నాడని వీరలక్ష్మి గారు గోల పెట్టడంతో, వంతెన దగ్గర పదిమంది చేరి ఆటోకి అడ్డం తిరిగారు. మైకు కట్టెయ్యమంటే కంగారులో ముత్యాలుకి మీట దొరకలేదు.

క్రిస్టీనా స్కూటీ మీద మాస్టారు వచ్చి చేరేటప్పటికి కీర్తన అయిపోయింది. హారన్‌లోంచి జయమ్మ గారు మాట్లాడుతున్నారు.

"ఏవండీ, అయిపోయిందా? పాడినంతసేపూ ఆ మీటరు సూది వంకే చూసేరు. నా మొహం వంక ఒక్కసారైనా చూసేరా? రేపణ్ణించి ఆ సూదినే అన్నం పెట్టమనండి."

గట్టు మీద ఊరు ఊరంతా విన్నది. క్రిస్టీనా సిగ్గుతో పెన్‌డ్రైవు లాగెయ్యబోయింది. మాస్టారు ఆమె చెయ్యి పట్టుకున్నారు.

"ఉండనియ్యమ్మా. ఇక్కణ్ణుంచి నేనెప్పుడూ వినలేదు."

హారన్ కాసేపు గరగరలాడింది. తర్వాత అదే గొంతు మెత్తబడింది.

"సర్లెండి, మొహం అలా పెట్టకండి. ఇంకోసారి పాడతాను. ఈసారి ఇటు చూడండి."

ఆమె మళ్లీ మొదట్నుంచి పాడింది. ఈసారి పాట మొదటిదానికన్నా ఎంతో బాగుంది. ఒక్కటే మిగిలిందనుకున్న కీర్తన రెండుసార్లుందని మాస్టారికి అప్పుడు తెలిసింది. తుడవని బుసబుసల మధ్య ఆ గొంతు వింటూ, ఆయన తలెత్తి ఆటో మీది హారన్‌నే చూస్తూ నిలబడిపోయారు. ఆయన కళ్లద్దాలు మసకబారాయి. చర్చిలో మిగిలినవాళ్లతో పాస్టరు గారు నడిచొచ్చి, పాట అయ్యేదాకా ఆగి, అక్కడే గట్టు మీద ప్రార్థన చేశారు. ముత్యాలు కూడా ఇయర్‌ఫోన్లు తీసి చేతులు కట్టుకున్నాడు.

జనం వెళ్తూ వెళ్తూ, తిట్టినందుకు మొహం చెల్లక, చెప్పిన ధరకే తలా కాస్త కొనుక్కుపోయారు. ఆటో ఖాళీ అయింది. మాస్టారు ముత్యాలు పెన్‌డ్రైవు అతని చేతిలో పెట్టి, తనది ఇమ్మన్నారు. ముత్యాలు దాన్ని పీకి గుప్పిట్లో పెట్టుకున్నాడు.

"ఆయ్, ఇస్తానండి. పోనీ ఆదివారం దాకా అమ్మగార్ని ఉంచుకోనా అండి? నా గొంతుకైతే బేరాలాడతారండి."