గుమ్మడికాయ కొట్టేదాకా

ఒక పెద్ద అడవిలో జంతువులన్నిటికీ కలిపి ఒకే ముళ్లకంచె, ఆ కంచెకి ఒకే ఒక్క కంత. ఆ కంత పక్కనే తీతువు పిట్ట నేలమీద నాలుగు గుడ్లు పెట్టుకుంది.

కంచె అవతల రేచుకుక్కల దండు ఉండేది. తమలా ఊళ వేయలేని జంతువుకి బతికే హక్కు లేదన్నది వాటి సిద్ధాంతం. మూడు రోజుల్లో మీద పడతామని కబురు కూడా పంపాయి.

తీతువు హడావిడిగా పంచాయతీకి ఎగిరింది. "అయ్యా, ఆ కంత పూడ్పించండి. నా గుడ్లు దానికి బారెడు దూరంలో ఉన్నాయి."

ప్రెసిడెంటు ఎలుగుబంటి మొహం చిట్లించింది. "పొద్దున్నే నీ గొంతు వినాల్సొచ్చింది, ఖర్మ! కంచె బాగుచేయిస్తే ఎవరు చూస్తారమ్మా? ఉగ్రవాదుల దాడిని ఆఖరి క్షణంలో ఆపేసే సినిమా తీయిస్తున్నాం. దాంతో అందరికీ ధైర్యం వస్తుంది."

హీరో చిరుత. డైరెక్టరు నక్క. విలన్ల ఎంట్రీకి నక్కకి ఆ కంతే నచ్చింది.

"కంత జోలికొస్తే ఊరుకోను!" అంది నక్క. "నిన్నటి షాట్‌లో కంత ఉంది. ఇవాళ లేకపోతే కంటిన్యూటీ ఏం కావాలి? షూటింగ్ ముగించి గుమ్మడికాయ కొట్టేదాకా ఒక్క ముల్లు కదలడానికి వీల్లేదు."

పంచాయతీ సరేనంది. కంతని ఎవరూ పూడ్చకుండా రెండు కోతుల్ని కాపలా కూడా పెట్టింది.

మూడో రోజు రేచుకుక్కలు అన్నమాట ప్రకారం కంతలోంచి దూకాయి. తీతువు గుడ్లమీద రెక్కలు పరిచి గొంతు చించుకుంది. చిరుత మేకప్‌తోనే చెట్టెక్కేసింది.

నక్క మాత్రం చిరాకు పడింది. "కట్! ఏంటయ్యా ఆ రావడం, పెళ్లి భోజనానికి వచ్చినట్టు? కళ్లలో కసేదీ? వెనక్కెళ్లి మళ్లీ రండి!"

దండుకి నాయకత్వం వహిస్తున్న కుక్క గతుక్కుమంది. కెమెరా వైపు చూసి, తోక సర్దుకుంది. "బాలేదా సార్?"

"నీలో విషయం ఉంది. వన్ మోర్."

దండంతా బయటికెళ్లి మళ్లీ దూకింది. మళ్లీ కట్. ఆరో టేకుకి కుక్కల నాలుకలు వేలాడాయి. కాపలా కోతులు ఆ నటన చూస్తూ ఒళ్లు మరిచిపోయాయి.

తీతువు ఇక పంచాయతీని అడగలేదు. పక్క పొదలో ఉన్న ముళ్లపంది దగ్గరికి ఎగిరింది. "అన్నా, నా పిల్లలు!" అంటూ ఏడ్చేసింది. ముళ్లపంది వెంటనే తుమ్మకొమ్మలు లాక్కొచ్చింది. ఏడో టేకు కోసం దండు బయటికెళ్లగానే వాటిని కంతలో కుక్కేసింది.

"యాక్షన్!" అంది నక్క.

అవతల ఒక్కసారిగా కుయ్యోమని మూలుగులు. ముక్కుల్లో ముళ్లతో దండు అటునుంచి అటే పారిపోయింది.

గుమ్మడికాయ కొట్టారు. సినిమా విడుదలైంది. చిరుత కటౌట్‌కి పాలాభిషేకం జరిగింది. షూటింగ్‌కి అడ్డు తగిలినందుకు తీతువుకీ ముళ్లపందికీ నోటీసులొచ్చాయి. రెండో భాగం కోసం కంత మళ్లీ తెరవాలని పంచాయతీ ఆర్డరేసింది.

ఆ ఆర్డరు చదివి వినిపించే వేళకి తీతువు అక్కడ లేదు. కొత్తగా గుడ్లలోంచి వచ్చిన నలుగురు పిల్లల్నీ వెంటేసుకుని, కంచెకి దూరంగా నడిచిపోతోంది.

నీతి: అడవిని కాపాడటానికి కంచె చాలు, హీరోని కాపాడాలంటే మాత్రం కంత ఉండి తీరాలి.