ఇక మెరుగుపడని మాస్టారు

మనిషి అసంపూర్ణంగా పుడతాడనీ, ఆ పొరపాటును సరిదిద్దడానికే మండల కార్యాలయాలు పుట్టాయనీ ఎనభైల చివర పైవాళ్లు కనిపెట్టారు. వెంటనే ‘ఆత్మోన్నతి పథకం’ వచ్చింది. ప్రతి ఉపాధ్యాయుడూ ఏటా తనలో ఒక లోపాన్ని ఒప్పుకుని, మార్చిలోగా పోగొట్టుకోవాలి. (లోపం లేదనడం నిబంధనల ప్రకారం అహంకారం. ఆ ఏటికి అదే లోపం.)

భద్రాచలం అడవి అంచున లంబాడీ తండా బడిని ఒక్కడే నడిపే బసవపున్నయ్య, మొదటి ఏడు మెల్లగా మాట్లాడే లోపాన్ని పోగొట్టుకున్నాడు. గడగడా చెప్పేసరికి పిల్లలకు పాఠం అర్థం కావడం మానేసింది. మరుసటి ఏడు గొంతు పెంచాడు. మేకలు బడివైపు రావడం మానేశాయి. రెండుసార్లూ ప్రశంసాపత్రం వచ్చింది.

ఆ పైఏడు ఆయన భార్య హైమ జ్వరంతో పోయింది. ఆయన నవ్వడం మానేశాడు.

ఆత్మోన్నతి అధికారి వెంకటనారాయణ దీన్ని గుర్తించాడు. నవ్వకపోతే కల్లూరుకు బదిలీ అన్నాడు. బసవపున్నయ్యకు భయం వేసింది. ‘ఇంకా ఎన్నాళ్లీ దుఃఖం?’ అని ఆయన్ను అడగని చోటు ఆ తండా ఒక్కటే.

మండల కార్యాలయంలో ఆయన మీద పెట్టిన విచారణకు తండా తరఫున ముసలి పూలి కూడా వచ్చింది. అధికారిని చూస్తూనే మెడచుట్టూ చేతులు వేసి, రాగం తీసి ఏడ్చింది.

“ఏంది మాస్టారూ ఇది? ఈమెకేమైంది?”

“ఏం కాలేదండి. పలకరిస్తోంది. అయినవాళ్లు చాన్నాళ్లకు కనిపిస్తే వీళ్ల ఆడవాళ్లు ఇట్లాగే పలకరిస్తారు.”

“నేనెప్పుడు అయినవాణ్ణయ్యాను?”

పూలి రాగం ఆపింది. “మా తండాకు ఆఫీసర్వంట. ఏండ్ల సంది రాకపోతివి. దూరపు సుట్టానివే గద బిడ్డా! మీ అమ్మ మంచిగున్నదా?”

“పోయింది. ఉగాదికి ముందు.”

“ఏడ్చినవా?”

“డ్యూటీ ఉండె.”

(దహనం మర్నాడే డ్యూటీకి వచ్చినందుకు ఆయనకు శాలువా కప్పారు.)

“అయ్యో, గట్లెట్ల? రా బిడ్డా,” అని పూలి మళ్లీ రాగం అందుకుంది. ఈసారి రెండు గొంతులు వినిపించాయి. అటెండర్ వచ్చి తలుపు మూశాడు.

చాలాసేపటికి వెంకటనారాయణ ముక్కు తుడుచుకున్నాడు. “మరి మీ లోపం సంగతేం చేద్దాం మాస్టారూ?”

“అది లోపం కాదండి. నేను మెల్లగా మాట్లాడతాను. నా భార్య పోయింది. నవ్వు వచ్చిననాడు నవ్వుతాను. ఇంతకంటే మంచి బసవపున్నయ్య నా దగ్గర లేడు.”

బదిలీ రద్దయింది. మరుసటి నెల జిల్లా నుంచి ఉత్తర్వు వచ్చింది. ఇక మెరుగుపడే అవకాశం లేదని నిర్ధారించి బసవపున్నయ్యను పథకం నుంచి తొలగించారు. ఖాళీ అయిన ఆ చోట, పనివేళల్లో తల్లిని తలుచుకున్నందుకు వెంకటనారాయణను చేర్చారు.